చాకీ గదిలో ఆగిన బ్లోయర్

లక్షా ఇరవై వేల శవాలు. అన్నీ ఒక్క గదిలో.

ఏ.ఎస్.ఐ. దేవేంద్రకు పదిహేడేళ్ళ సర్వీసు. పుంగనూరు స్టేషన్‌లోనే ఆరేళ్ళు. బావిలో తేలిన శవాన్ని చూశాడు. చెరకుతోటలో పడేసిన శవాన్ని చూశాడు. ఇట్లా ట్రేలలో వరసగా పేర్చిన శవాలను మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఒక్కొక్కటి బియ్యపు గింజకన్నా కాస్త పొడవు. అంతే.

పట్టుపురుగులు.

2001 డిసెంబర్ 14, శుక్రవారం. ఉదయం 9.20. చౌడేపల్లె దాటి నాలుగు కిలోమీటర్లు పోతే రోడ్డు పక్కనే మునెప్ప ఇల్లు. ఇంటి వెనక చాకీ గది. కుప్పం నుంచి గుడ్లు తెచ్చి, ఆ గదిలో పొదిగించి, పిల్లపురుగులు రెండు జ్వరాలు దాటేదాకా సాకి రైతులకు ఇవ్వడం మునెప్ప పని. జ్వరమంటే రోగమేమీ కాదు. కుబుసం విడిచే ముందు పురుగు మేత మానేసి, ఒక రోజు కదలకుండా కూర్చుంటుంది. దానికి ఈ పక్క జ్వరమనే పేరు.

నిన్న పురుగులు రెండో జ్వరం దాటి లేచాయి. ఈ పొద్దున రైతులు వచ్చి తీసుకుపోవాలి. వచ్చారు కూడా. పదిహేను మంది. బుట్టలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. తోటల్లో మల్బరీ ఆకు కోతకు వచ్చి ఉంది. తినడానికి పురుగే లేదు.

గేటు పక్కన పోలీసు జీపు. జీపులో లోకేష్. మదనపల్లె మెకానిక్. ఇరవై ఆరేళ్ళు. ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళు అచ్చు గుద్దినట్లు ఉన్నాయి. జనం మీద పడతారేమోనని కానిస్టేబులే అతన్ని జీపు ఎక్కించాడు.

"వీడే సార్!" మునెప్ప అరిచాడు. "వీడు బిగించిన మిషనే ఆగిపోయింది. రాత్రంతా సలికి నా పురుగులు బిర్రబిగిసి సచ్చినాయి. కేసు రాయండి!"

"ఆ చెంప మీద కొట్టిందెవరు?"

"నేనే."

"మంచిది. దాని మీద కూడా ఒక కేసు రాయాల్సి వస్తుంది. కాస్త మెల్లగా మాట్లాడు."

మునెప్ప గొంతు తగ్గింది. కోపం తగ్గలేదు.

ఆ మిషన్ పేరు బ్లోయర్. చలికాలం వేడిగాలి, ఎండాకాలం చల్లగాలి. ఇనప రేకు కోసి, మోటారు పెట్టి, కాయిలు చుట్టి లోకేష్ తన చేతుల్తో తయారుచేసిన మొదటి మిషన్ అది. దాన్ని చూసి ఇంకో ఆరిళ్ళవాళ్ళు అడిగారు. మూడు మదనపల్లెలో. రెండు పుంగనూరులో. ఒకటి కుప్పంలో. కేసు రాసినా రాయకపోయినా సాయంత్రానికి ఈ కబురు మూడు ఊళ్ళకూ పోతుంది. పురుగుల్ని చంపిన మెకానిక్ చేత స్విచ్చు కూడా ఎవరూ బిగించుకోరు. ఆ సంగతి జీపులో కూర్చున్న కుర్రవాడి ముఖంలోనే కనబడుతోంది.

దేవేంద్ర పోలీసు కాకముందు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రికల్ చదివాడు. స్టేషన్‌లో ఫ్యాను తిరగకపోతే ఎస్.ఐ. కూడా ఆయన్నే పిలుస్తాడు. ఆ విద్య ఈ పొద్దు పనికొచ్చేట్టుంది.

"నిన్న మిషన్ దగ్గరికి ఎవరెవరు పోయినారు?"

"వీడు. సాయంత్రం నాలుగున్నరకు వచ్చినాడు. మోటారుకు ఆయిలు ఏస్తానన్నాడు. ఐదుంబావుకు పోయినాడు."

"ఆ తర్వాత?"

"నా కోడలు దీప. ఐదున్నరకు ఆకు ఏసింది. ఆరుకు తలుపు ఏసి వచ్చింది."

"ఆరు తర్వాత?"

"ఎవురూ పోలే."

"గట్టిగా చెప్తావా?"

"ఎట్లడుగుతాండావు సార్? నా ఇంట్లో నన్ను దాటి ఎవురు పోతారు?"

దేవేంద్ర నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆరు తర్వాత ఎవరూ లేరు.

"నీకు పగవాళ్ళు ఉండారా?"

"పక్కింట్లోనే ఉండాడు. అంకయ్య. మా చిన్నాయన కొడుకు. వాడు కూడా చాకీ గది కడతాండాడు. నిన్న ఆరూనలభైకి ట్రాన్స్‌ఫారం దగ్గర ఫ్యూజు పీకతా కనపడినాడు. వీడూ వాడూ కలిసే చేసినారేమో, ఎవురికి తెలుసు?"

బాగుంది. ఒక్క ఫిర్యాదు, ఇద్దరు ముద్దాయిలు, మధ్యలో కుట్ర. దేవేంద్ర నిట్టూర్చాడు.

చాకీ గది గడప ముందు దీప అడ్డం నిలబడింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"బూట్లు ఇప్పండి సార్. కాళ్ళు బ్లీచింగ్ నీళ్ళల్లో ముంచి రావాల."

"అన్నీ సచ్చిపోయినాయి గదమ్మా?"

"ఈ పురుగులు సచ్చినాయి. మళ్ళా తెచ్చే గుడ్లు సావకూడదు గదా. రోగం కాళ్ళతోనే వస్తాది."

ఏ.ఎస్.ఐ. గారు బూట్లు విప్పారు. మేజోళ్ళు విప్పారు. ఎడమ మేజోటికి చిల్లుంది. కానిస్టేబుల్ అటు తిరిగి నవ్వుకున్నాడు.

గది చిన్నది. పది అడుగులు, పన్నెండు అడుగులు. లోపల ఇంకా చలిగానే ఉంది. నాలుగు వరసల్లో ట్రేలు. ప్రతి ట్రే అంచునా స్పాంజి పట్టీలు. మూలలో బ్లోయర్. గోడకు డిపార్ట్‌మెంట్ వాళ్ళిచ్చిన తడి-పొడి థర్మామీటర్ వేలాడుతోంది. జానెడు దూరంలో, గది వేడిని బట్టి బ్లోయర్‌ను నడిపే థర్మోస్టాట్ తాలూకు రాగి బల్బు. రెండింటికీ తెల్లగుడ్డ పీలికలు. కింద రెండు చిన్న సీసాలు. ఆ గోడంతా బడి పిల్లల పటంలా ఒద్దికగా ఉంది.

"ఎన్నింటికి చూసినావమ్మా?"

"తెల్లార్తో ఐదూనలభైకి. తలుపు తీస్తానే మిషన్ సప్పుడు లేదు. గది సల్లగా ఉండాది. లైటు ఏసి సూస్తే..." ఆమె ఆగింది. "తొమ్మిది దినాలు సాకినా సార్. పిల్లోళ్ళకన్నా ఎక్కువగా సూసుకున్నా."

"నిన్న ఆకు తడిగా ఉండిందా?"

"లేతాకు. సన్నగా తరిగి ఏసినా. ఈ స్పాంజీలు కూడా ముంచి పెట్టినా. ఆకు వాడిపోకుండా అవి ఉండాల."

దేవేంద్ర ఒక ట్రేలో వేలు పెట్టాడు. ఆకు గలగలమంది. అప్పడంలా విరిగింది. స్పాంజిని నొక్కాడు. తడి లేదు. అటుకులంత పొడిగా ఉంది.

ఇంకో ట్రే చూశాడు. అదీ అంతే. బ్లోయర్‌కు దగ్గరున్న ట్రేలలో ఆకు మరీ నల్లబడింది.

"అమ్మా, నీకూ మీ మామకూ ఏమైనా పేచీ ఉండాదా?"

దీప చురుగ్గా చూసింది. "అంకయ్య మామ చెప్పినాడా? కురబలకోటకు పుట్టింటికి పోతానంటే ఈయన వద్దన్నాడు. నిజమే. దానికోసం నా పురుగుల్ని నేనే సంపుకుంటానా?"

అనుమానం ఈ ఇంట్లో గుమ్మం దగ్గర చెప్పుల్లాగా ఉంది. ఎవరికి దొరికింది వాళ్ళు తొడుక్కుంటున్నారు.

9.50కి లోకేష్‌ను జీపు దించి గదిలోకి తెచ్చారు. అతను అడగకుండానే కాళ్ళు బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, కళ్ళు తన బ్లోయర్ మీదే పెట్టుకుని లోపలికి వచ్చాడు. మునెప్ప గుమ్మం బయట నిలబడి ప్రతి కదలికనూ కాపలా కాశాడు.

"ఇప్పు," అన్నాడు దేవేంద్ర.

"సార్, నేను ఇప్పితే నేనే ఏదో మార్చినానంటారు. మీరే ఇప్పండి. నేను చెప్తా."

కుర్రవాడికి బుర్ర ఉంది. దేవేంద్ర స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

అప్పుడు మొదలైంది అసలు విచారణ. ముద్దాయి బ్లోయర్.

ప్లగ్గులో కరెంటుందా? టెస్టర్ వెలిగింది. ఉంది.

స్విచ్చు? బాగుంది.

బయటి ఫ్యూజు? తెగలేదు.

ఫ్యాను రెక్క చేత్తో తిప్పాడు. గిర్రున తిరిగింది. మోటారు పట్టేయలేదు. గాలి పీల్చే జాలీ శుభ్రంగా ఉంది. వైరు ఎక్కడా కోయలేదు. నట్లు ఎవరూ కదిలించలేదు.

"ఇంకేమి ఉండాది?"

"కాయిలు పక్కన తెల్ల గొట్టంలో చిన్న ఫ్యూజు ఉండాది సూడండి. థర్మల్ ఫ్యూజు. మిషన్ లోపల వేడి మితిమీరితే అది కరిగి తెగిపోతాది. ఫ్యానూ కాయిలూ రెండూ ఆగిపోతాయి. ఇల్లు తగలబడకుండా నేనే పెట్టినా."

టెస్టర్ పెట్టాడు. వెలగలేదు.

దొరికింది.

"సూసినారా!" మునెప్ప గుమ్మం బయటినుంచి ఎగిరాడు. "వాడు పెట్టిన ఫ్యూజే పోయింది! నాసిరకం ఫ్యూజు!"

లోకేష్ మునెప్ప వైపు చూడలేదు. దేవేంద్ర వైపే చూశాడు. "అది ఊరికే పోదు సార్. అంత వేడి యాడ నుంచి వచ్చిందో నాకు తెలీడం లేదు. ఇరవై ఏడు డిగ్రీలు దాటితే థర్మోస్టాట్ కాయిల్ని ఆపేయాల. నిన్న ఐదింటికి రెండుసార్లు ఆపి చూపించినా. దీపమ్మ కూడా సూసింది."

"సూసినా," అంది దీప.

10.15. అంకయ్యను పిలిపించారు. లుంగీ పైకి కట్టుకుని, వచ్చీ రాగానే చేతులు ఊపాడు.

"ఫ్యూజు పీకినా సార్. దాస్తానా? నా బోరు మోటారుకు ఒక ఫేజు రాలే. పది నిమిషాలు పీకి మళ్ళా ఏసినా."

"ఏసినావని సాక్ష్యం?"

"మా అన్ననే అడగండి. ఏడు గంటలకి టీవీలో వార్తలు యా కరెంటుతో సూసినాడో."

మునెప్ప దగ్గాడు.

"సూసినావా?" అడిగాడు దేవేంద్ర.

"సూసినా."

"రాత్రి మళ్ళీ కరెంటు పోయిందా?"

"...లే."

అంకయ్య మీద అనుమానం కొట్టివేయబడింది. అతనికి అది సరిపోలేదు. "నన్నంటాండారు గానీ, ఆ పిల్లను అడగండి సార్, పుట్టింటికి పంపలేదని..." అని మొదలుపెట్టాడు.

"అడిగినా. నువ్వు నోరు మూసుకో."

దేవేంద్ర గది మధ్యలో నిలబడి ఒకసారి చుట్టూ చూశాడు. ట్రేలు. స్పాంజీలు. బ్లోయర్. గోడ. గోడ దగ్గరే చూపు ఆగిపోయింది. దగ్గరికి పోయాడు. రెండు సీసాలనూ చేత్తో తీసి చూశాడు. థర్మామీటర్ కింద ఉన్నది దానితో వచ్చిన సీసా. రెండోది పశువుల సూదిమందు సీసా. లేబులు సగం చిరిగి ఉంది. రెండింటిలోనూ నీళ్ళు అడుగంటాయి.

రెండింటినీ ఉన్నచోటే పెట్టాడు.

"అందరూ ఇట్ల వసారాలోకి రండి," అన్నాడు.

వచ్చారు. మునెప్ప, దీప, లోకేష్, అంకయ్య. గేటు దూరంగా ఉంది. రైతులకు ఇక్కడి మాటలు వినబడవు.

"పురుగులు సలికి సచ్చినాయని ఎవరు చెప్పినారు?"

"చెప్పేదేముంది?" అన్నాడు మునెప్ప. "మిషన్ ఆగింది. గది సల్లబడింది. సచ్చినాయి."

"సలికి సచ్చుంటే ఆకు పచ్చిగా ఉండాల. స్పాంజి తడిగా ఉండాల. సల్లటి గదిలో నీళ్ళు యాడికి పోతాయి?"

దీప నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. రోజూ ఆకు పట్టుకునే చేయి ఆమెది. ముందుగా అర్థమైంది ఆమెకే.

"వేడికి సచ్చినాయి," అంది మెల్లగా.

"వేడికే. ముందు గది పొయ్యిలా కాలింది. పురుగులు మాడినాయి. ఆ వేడికే మిషన్ లోపల ఫ్యూజు కరిగింది. అప్పుడు మిషన్ ఆగింది. ఆ తర్వాత గది సల్లబడింది. పొద్దున మీరు కడపట జరిగింది సూసి, అదే మొదట జరిగిందనుకున్నారు."

"అయితే వాని థర్మోస్టాట్ చెడిపోయింది!" మునెప్ప మళ్ళీ వేలు చూపించాడు. "తప్పు వానిదే!"

దేవేంద్ర మామూలు గొంతుతో అడిగాడు.

"ఆ రాగి బల్బుకు గుడ్డ ఎవరు కట్టింది?"

"నేనే," అన్నాడు మునెప్ప.

ఛాతీ కాస్త ముందుకు వచ్చింది కూడా.

"నేనే కట్టినా సార్. ఈ పిల్లోడికి మిషన్ తెలుసు గానీ పురుగు తెలీదు. బల్బును బోడిగా వదిలేసి పోయినాడు. శిక్షణలో సార్లు పదే పదే చెప్పినారు, బల్బుకు తడిగుడ్డ లేకపోతే లెక్క తప్పు వస్తాదని. ఆరుంబావుకు పోయి గుడ్డ కట్టి, కింద సీసా పెట్టి, నీళ్ళు పోసి వచ్చినా. సరిగ్గా కట్టినానా లేదా సూడండి."

లోకేష్ కళ్ళు మూసుకున్నాడు.

"ఆరు తర్వాత ఎవురూ పోలేదంటివి?"

"ఎవురూ పోలే. నేను పోయినా. నేను ఎవురో ఎట్లయితా?"

"మునెప్పా, ఎండాకాలం బిందెకు తడిగుడ్డ యాల చుడతారు?"

"నీళ్ళు సల్లగుండేదానికి."

"రాగి బల్బుకు తడిగుడ్డ చుడితే?"

మునెప్ప గది వైపు తిరిగి చూశాడు.

"థర్మామీటర్‌కు గుడ్డ కట్టేది గదిలో తేమ ఎంతుందో తెలుసుకునేదానికి. అది సరే. ఈ బల్బు పని వేరే. గది వేడెక్కిందని మిషన్‌కు చెప్పడం. దానికి నువ్వు తడిగుడ్డ చుట్టినావు. గది ముప్పై అయింది. దానికి సల్లగానే ఉండాది. ముప్పై ఐదయింది. దానికి సల్లగానే ఉండాది. గాలి ఎంత ఎండితే గుడ్డ అంత సల్లబడుతుంది. ఇంకా వేడి కావాల, ఇంకా కావాల అని అది మిషన్‌ను తరుముతానే ఉండింది. నలభై దాటుంటాది. మిషన్ చెప్పింది చెప్పినట్టు చేసింది. తన ఫ్యూజు కరిగేదాకా చేసింది."

మునెప్ప గోడకు చేరగిలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి ఒక్క నిమిషంలో డెబ్భై దాటినట్టయ్యాడు. అందరి మీదా పడిన అనుమానం ఆయన ఒక్కడి మీద మాత్రం పడలేదు. పడాలని ఆయనకూ తోచలేదు. నిజానికి దేవేంద్రకూ తోచలేదు. నోట్‌బుక్‌లో రాసుకున్న ఆ ఒక్క లైను మీద ఆయనకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"నా చేత్తోనే..." అన్నాడు మునెప్ప. ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు.

కాసేపటికి కండువాతో ముఖం తుడుచుకుని గేటు వైపు చూశాడు. పదిహేను బుట్టలు.

"సార్," గొంతు తగ్గించాడు. "ఫిర్యాదు వాపసు తీసుకుంటా. ఈ పిల్లోడిని పంపించేయండి. బయట వాళ్ళకు మాత్రం... కరెంటు హెచ్చుతగ్గులని చెప్తాం. పన్నెండేళ్ళుగా నా పురుగును నమ్ముకోనుండారు. నేనే సంపినానని తెలిస్తే నా గడప ఎవురు తొక్కుతారు?"

"నాకు కావాల్సింది నేరం. ఈడ నేరం లేదు," అన్నాడు దేవేంద్ర. "ఊరికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం."

లోకేష్ వసారా దిగాడు. గేటు దాకా నడిచాడు. రైతులు చూస్తుండగా జీపెక్కి, పొద్దున కూర్చున్న చోటే కూర్చున్నాడు.

దేవేంద్ర వెనకే పోయాడు. "ఏమప్పా, కేసు లేదంటి గదా? దిగు."

"దిగను సార్."

"యాల?"

"పొద్దున ఊరంతా సూస్తాండగా ఎక్కించినారు. యాల ఎక్కించినారో ఈళ్ళందరికీ తెలుసు. యాల దించినారో ఎవురికి తెలుసు? స్టేషన్‌కే తీసుకపోండి. కేసు రాయండి. ఆ ఫ్యూజు, ఆ గుడ్డ జడ్జిగారికి చూపిస్తా. అంతవరకూ దిగను."

పదిహేడేళ్ళ సర్వీసులో జీపు దిగనన్న మనిషిని దేవేంద్ర చూడడం ఇదే మొదలు. బలవంతంగా ఎక్కించడం తెలుసు. బలవంతంగా దించడం ఏ సెక్షన్ కింద వస్తుందో తెలియదు. డ్రైవర్ ఆయన ముఖం చూశాడు. ఆయన గేటు వైపు చూశాడు.

వసారాలో దీప మామ దగ్గరికి వచ్చింది.

"మామా, నువ్వు చెప్తావా? నన్ను చెప్పమంటావా?"

"నువ్వు లోపలికి పో."

"పోను. తొమ్మిది దినాలు నేను సాకినా. అవి ఎట్ల సచ్చినాయో అబద్ధం చెప్తే నేను వినలేను."

మునెప్ప కోడలి ముఖం చూశాడు. ఎప్పుడూ ఎదురుచెప్పని పిల్ల. కండువా భుజం మీద వేసుకోబోయాడు. వేసుకోలేదు. చేత్తోనే పట్టుకుని గేటు దాకా నడిచాడు. అరవై అడుగులు. చాలాసేపు పట్టింది.

"అప్పా," అన్నాడు రైతులతో. "పురుగులు నేనే సంపినా. మిషన్ బాగుండాది. ఈ పిల్లోడి పని బాగుండాది. దాని బల్బుకు నేను తడిగుడ్డ కట్టినా. గది వేడికి ఉడికిపోయింది. ఈ పిల్లోడిని కొట్టినా. అదీ తప్పే."

ఒక ముసలి రైతు బుట్ట కింద పెట్టాడు.

"యాల కట్టినావు మునెప్పా?"

"నాకు తెలుసనుకున్నా."

ముసలాయన తల ఊపాడు. తిట్టలేదు. బుట్ట తీసుకుని ముందుగా ఆయనే వెనక్కి తిరిగాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరుగా కదిలారు. ఇద్దరు మాత్రం జీపు దగ్గర ఆగి, లోకేష్ చెంప వైపు చూసి పోయారు.

లోకేష్ లేచాడు. పట్టుకోమన్నట్టు మునెప్ప చేయి చాపాడు. లోకేష్ జీపు రాడ్డు పట్టుకుని దిగి, మామ వెనకే గేటు దాకా వచ్చిన దీప వైపు తిరిగాడు.

"దీపమ్మా, మళ్ళా గుడ్లు ఎప్పుడొస్తాయి?"

"సోమారం. కుప్పం నుంచి."

"కొత్త ఫ్యూజు నా సంచిలో ఉండాది. ఇప్పుడే ఏసిపోతా."

అతను వసారా మెట్ల దగ్గరికి వచ్చేసరికి మునెప్ప ముందే వచ్చి అక్కడ నిలబడి ఉన్నాడు. చాకీ గదికి పోవాలంటే మునెప్పను దాటుకునే పోవాలి.

మునెప్ప పక్కకు జరిగి దారి ఇచ్చాడు.